పొయ్యి నుంచి గట్టు దాకా

మా అనకాపల్లిలో పడేది ఏమంత చలని పై ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు నవ్వుతారు. నవ్వితే నవ్వనివ్వండి. దీపావళి వెళ్ళిందంటే చాలు, మా గవరపాలెంలో మంకీ టోపీలు అటకల మీంచి దిగిపోతాయి. పొద్దున పాల కోసం వెళ్ళే మగవాళ్ళని కళ్ళను బట్టి పోల్చుకోవలసిందే. ఇక మా అత్త ఎరుకమ్మ సంగతి చెప్పనే అక్కర్లేదు. చెవుల్లో దూది, దూది మీద తువ్వాలు, తువ్వాలు మీద చీర కొంగు. ఇన్ని కప్పుకున్నాక కూడా కిటికీ సందులోంచి గాలి వస్తోందని పాత చీర ముక్కలు కుక్కేది. ఏటా ఆవిణ్ణి చూసి నేనూ, నా కూతురు ఇందూ నవ్వుకునేవాళ్ళం. ఆ ఏడు మాత్రం నవ్వలేదు. ఆ ఏడు ఆవిడ గాలికి భయపడింది తన కోసం కాదు.

మా ఆయన సన్యాసిరాజు బెల్లం మార్కెట్టులో కళాసీ. లారీ మీంచి దిమ్మలు దింపడం, లారీకి ఎత్తడం, పెళ్ళికి ముందు నుంచీ అదే పని. దసరాల్లో ఒక పొద్దున నూతి దగ్గర పళ్ళు తోముకుంటూ కూలబడ్డాడు. ఎడం చెయ్యీ ఎడం కాలూ పడిపోయాయి. మూతి ఓ పక్కకి లాగేసింది. ఆస్పత్రిలో ఉంచితే మూతి సర్దుకుంది, చెయ్యి చాలావరకు వచ్చింది. కాలే రాలేదు. లేచి నిలబడితే ఆ పాదం నేలని పట్టుకుని వదిలేది కాదు. గోడ పట్టుకుని ఈడ్చుకుంటూ దొడ్లోకి వెళ్ళి వచ్చి మళ్ళీ మంచం ఎక్కేసేవాడు.

ఇంటికి వచ్చి కాలు ఆడించి వెళ్ళే ఫిజియోథెరపీ కుర్రాడు ధనరాజ్ ఒకరోజు వెళుతూ వెళుతూ నన్ను గుమ్మం దగ్గరికి పిలిచాడు.

"అమ్మా, దాచి లాభం లేదు. ఈ చలికాలమే టైము. ఇప్పుడు నడిస్తే నడక వస్తుంది. ఎండలు ముదిరేసరికి ఎంత వచ్చిందో ఇక అంతే. నేను మంచం మీద చేయించేది సరిపోదు. బయటికి తీసుకెళ్ళండి. గచ్చు మీద కాదు, ఎత్తుపల్లాలున్న నేల మీద నడవాలి."

అతను చెప్పులు వేసుకుని గేటు దాటాడో లేదో, మా అత్త లోపల్నుంచి వచ్చి తలుపు మూసి గడియ పెట్టింది.

"ఆ గుంటడికేటి, సెప్పీసి ఎల్పోతాడు," అంది. "ఒకపాలి తగిలిన ఒంటికి సలిగాలి సోకితే రెండో పాలి ఒత్తాది. రెండో పాలొత్తే మనిసి నిలడు. మీ మావ ఎలా పోయేడో నీకు తెల్దు, నువ్వప్పటికి ఈ ఇంటికి రానేదు. ఇలాగే కాలూ సెయ్యీ పడిపోయి తేరుకున్నాడు. కర్రట్టుకుని తిరిగేడు. సెరుకు సూసొత్తానని ఓ పొద్దున మంచులో ఎల్లేడు. మంచం మీద మోసుకొచ్చేరు."

"అది గాలి వల్ల కాదత్తా, బీపీ వల్ల."

"బీపీని నువ్వు సూసేవేటి? గాలిని నాను సూసేను."

ఆవిడ మొగుణ్ణి మంచు మింగేసిందని ఆవిడ లెక్క. కొడుకుని ఇవ్వనంటోంది. ఆవిడ చేస్తున్నది తప్పని తెలుసు కానీ, ఆవిడ మీద కోపం తెచ్చుకోవడానికి మాత్రం నాకు మనసు రాలేదు.

ఓ బుధవారం ఆస్పత్రికని అబద్ధం చెప్పి, మా వీధి సత్తియ్య ఆటోలో ఆయన్ని కాలేజీ గ్రౌండుకి తీసుకెళ్ళాను. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. మంచులో మనుషులు చేతులు ఊపుకుంటూ గుండ్రంగా తిరుగుతున్నారు. ఆయన తలకి తువ్వాలు చుట్టుకుని, గడ్డం దాకా మఫ్లరు లాక్కుని, నా భుజం మీద చెయ్యి వేసి అడుగు తీశాడు. పాదం ఇసుకలో గీత గీసుకుంటూ వచ్చింది. సగం చుట్టు తిరిగి ఉంటాం. మంచులోంచి రాజుబాబు ఎదురయ్యాడు. మార్కెట్టులో ఆయన జట్టు కళాసీ, ఆయనకంటే ఓ మెట్టు తక్కువ బలం ఉన్నవాడు.

"ఒరే బావా," అని ఆగిపోయాడు రాజుబాబు. కళ్ళమ్మట నీళ్ళు పెట్టేసుకున్నాడు. "ఏటిలాగైపోనావు. నీ మోత సూడ్డానికి యాపారస్తులు నిలబడేవోరు. కూకో బావా, కూకో, అలసిపోతావు. నాను పట్టుకుంతాను."

మంచివాడే. జాలిపడ్డాడు, అంతే. కానీ ఆ చెయ్యి ఆయన రెక్కని పట్టుకోగానే మా ఆయన ముఖంలో రంగు పోవడం నేను చూశాను. రాజుబాబు పట్టుకుని సిమెంటు బల్ల మీద కూర్చోబెట్టాడు. ఆయన నా వైపు చూడకుండానే, "ఆటోని పిలు," అన్నాడు.

ఇంటి ముందు దిగేటప్పుడు, "ఇంక నన్ను నలుగురి మద్దెలో నిలబెట్టకు గంగా," అన్నాడు. ఆ సాయంత్రం ఆయనకి జలుబు చేసింది. అబద్ధం బయటపడింది. ఆ రోజు నుంచి గేటు తాళం చెవి మా అత్త బొడ్లో ఉండేది.

ఇంక డాబా మీద ఎండ కాచుకుందామన్నాను. మెట్లెక్కితే పడతాడంది మా అత్త. సందులో అటూ ఇటూ తిరుగుదామన్నాను. సందులో అందరూ చూస్తారన్నాడు ఆయన. నేను బడిలో మధ్యాహ్న భోజనం వండుతాను. పొద్దున్నే వెళితే గిన్నెలు తోమించి వచ్చేసరికి పొద్దు వాలుతుంది. నేను లేనప్పుడు నాన్నని కాస్త వాకిట్లో అయినా తిప్పవే అని ఇందుకి చెప్పేదాన్ని. అది డిగ్రీ మొదటి ఏడు. కాలేజీ నుంచి వచ్చి దుప్పట్లో దూరి ఫోను ముఖానికి పెట్టుకునేది. ఎప్పుడడిగినా ఒకటే మాట, "సలి అమ్మా."

ఒకరోజు నాకు ఒళ్ళు మండిపోయింది. దుప్పటి లాగి పారేశాను. "మీ నాన్న కాలు మూలబడిపోతంటే నీకు సలేత్తందా?" అన్నాను.

అది ముడుచుకుపోయి, "ఆ రోజు నూతి కాడ నానే ఉన్నానమ్మా," అంది. "పట్టుకుంతే నా మీదే పడిపోయేడు. నాను లేపలేకపోయేను. మల్లీ నా సేతిలో పడిపోతే నానేటి సెయ్యను?"

దుప్పటి మళ్ళీ దాని మీదే కప్పాను. ఒకరికి గాలి భయం, ఒకరికి జనం భయం, ఒకత్తికి ఆ కాలంటేనే భయం. ముగ్గురూ తలుపులు బిగించుకుని లోపల కూర్చున్నారు. రోజూ పొద్దున్నే ముగ్గుర్నీ కదపాలని చూడడం, చీకటి పడేసరికి ఓడిపోవడం. కళాసీ పెళ్ళాన్ని కదా, నేనూ కళాసీనే అయ్యాననుకునేదాన్ని. తేడా ఏమిటంటే ఆయన దిమ్మలు ఎత్తితే లేచేవి, నావి లేవవు. ఆ మార్గశిరంలో నేను పడ్డ అలుపు అంతా ఇంతా కాదు. బడిలో అన్నం వారుస్తూ నిలబడే కునుకు తీసిన రోజులున్నాయి.

అలాంటప్పుడు మా తమ్ముడు నూకరాజు బావని చూడ్డానికి వచ్చాడు. తుమ్మపాల అవతల మా పుట్టింటివాళ్ళది చిన్న పల్లె. వాడికి కొద్దిగా చెరకు ఉంది. గానుగ ఆడించి, కళ్ళంలో పొయ్యి పెట్టి, వాడి బెల్లం వాడే వండుకుంటాడు. కాఫీ తాగుతూ వాడి గోడు మొదలుపెట్టాడు.

"మనుసులు దొరకట్లేదక్కా. నరకడానికి, గానుగెట్టడానికే నేరు. ఇంక పిప్పి ఎవుడు ఎండేత్తాడు? రసం పిండీసిన పిప్పి కుప్ప కుప్పగా పడుంది. తడి ఆరకుండానే పొయ్యిలో తోసేత్తన్నాం. పొగే గానీ మంట నేదు. పాకం ఎంతకీ రాక బెల్లం నల్లగా దిగుతంది."

లోపల గదిలో మంచం కిర్రుమంది. దుప్పటి ముసుగులోంచి మా అత్త గొంతు వచ్చింది. "పచ్చి పిప్పి పొయ్యిలో ఎడతారేటి, బుద్దున్నోల్లెవులైనా?"

"ఏటి సెయ్యమంతావత్తా?"

"పొద్దు పొడవగానే పల్సగా పరవాల. మద్దేనం తిరగెయ్యాల. మంచు దిగకముందే పోగెయ్యాల. ఒక్క సాయంత్రం మర్సిపోయి వదిలేత్తే మల్లీ మొదటికే." ఆవిడ లేచి కూర్చుంది. చెవిలో దూది కూడా తీసింది. ఆవిడ ఉప్మాక ఊరి పక్క చెరకు రైతు కూతురు. పెళ్ళయి పట్నం వచ్చినా, పిప్పి తడిసిందంటే ఇప్పటికీ ఆవిడకి ప్రాణం ఒప్పదు.

నాకు అప్పుడు తట్టింది. కాఫీ గ్లాసు తీస్తూ మెల్లిగా అన్నాను. "ఆదివారం మనం ఎల్దామా అత్తా. నువ్వు సూపిత్తే ఆల్లు నేర్చుకుంతారు. ఈయన్ని పొయ్యి కాడ కూకోబెడదాం. ఎచ్చగా ఉంటాది. మంట కాడ గాలేటి సేత్తాది?"

ఆవిడ నా ముఖంలోకి చూసింది. కొడుకు వైపు చూసింది. చివరికి, "మంట గాలిని తినీత్తాదిలే," అని తనకి తనే చెప్పుకుంది. మా ఆయనకి కావలసిన మాట నూకరాజు అన్నాడు. "అక్కడ మార్కెట్టోల్లెవురూ ఉండరు బావా. నానూ, పెనం కాడ ఇద్దరు ముసిలోల్లూ, అంతే."

ఆదివారం సత్తియ్య ఆటో వచ్చేసరికి మా అత్త రెండు దుప్పట్లు పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉంది. ఆటోకి రెండు పక్కలా దుప్పట్లు బిగించి కట్టించింది. "పెల్లికూతుర్ని తీసుకెల్తన్నట్టుంది పిన్నీ," అన్నాడు సత్తియ్య. ఆ మాటకి మా ఆయన మంకీ టోపీలోంచి చిన్నగా నవ్వాడు. దసరాల తరవాత నేను చూసిన మొదటి నవ్వు అది. ఇందు ఒక్కర్తీ ఇంట్లో ఉండలేక, ఫోనుకి ఛార్జింగు పెట్టుకుని మా వెంట ఎక్కింది.

కళ్ళం దగ్గర దిగితే ఎదురుగా చెరకు కనబడలేదు, అంత మంచు. పొయ్యి మాత్రం ఎర్రగా కనిపించింది. పెద్ద ఇనప పెనంలో రసం కుతకుతా ఉడుకుతోంది. ఆ ఆవిరి వాసన ముక్కుకి తగలగానే నా చిన్నతనం అంతా ఒక్కసారి కళ్ళముందుకొచ్చింది. పొయ్యికి దగ్గరగా నులక మంచం వేసి మా ఆయన్ని కూర్చోబెట్టారు. మా అత్త పక్కనే కాపలా కూర్చుంది. కానీ ఎంతసేపు కూర్చుంటుంది? అవతల పిప్పి మోకాలెత్తున పోసి ఉంది. దాన్నే చూస్తూ గొణుక్కుంది, లేచింది, కూర్చుంది, మళ్ళీ లేచింది. చీర కొంగు నడుముకి దోపి, మంచులోకి వెళ్ళిపోయి, రెండు చేతులా పిప్పి పరవడం మొదలుపెట్టింది. ఆవిడ తువ్వాలు ఎప్పుడు జారిపోయిందో ఆవిడకే తెలియదు. నేను చెప్పలేదు.

ఆ పొద్దున ఇంకో సంగతి జరిగింది. పొయ్యి వేడికి మా ఆయనకి చెమట్లు పట్టాయి. మంకీ టోపీ తీసి మంచం కోడుకి తగిలించాడు. కాసేపయ్యాక, మంచం కొంచెం అవతలికి లాగమన్నాడు.

ఆ తరవాత సంగతులు నేను తోసినవి కావు. సత్తియ్య రోజూ పొద్దున్నే అటువైపు ఊళ్ళ నుంచి కూరగాయలు వేసుకురావడానికి వెళతాడు. ఖాళీ బండి ఎలాగూ వెళుతోంది కదా అని మా అత్తే అతనితో మాట్లాడింది. తాళం చెవి బొడ్లోంచి తీసి తనే గేటు తీసింది. పిప్పి పేరు చెప్పి రోజూ కొడుకుని వెంటబెట్టుకుని వెళ్ళేది. నేను బడికి పోయేదాన్ని. సెలవు రోజుల్లో నేనూ వెళ్ళేదాన్ని.

నేను చేసిందల్లా ఒక్కటే. మా తమ్ముణ్ణి పక్కకి పిలిచి, "రోజూ పిప్పిని కొంచెం కొంచెం దూరంగా పరిపించరా," అన్నాను. మొదట పొయ్యి పక్కనే పరిచేవారు. మంచం మీద కూర్చునే మా ఆయన చేతికర్రతో ఉండలు విడదీసేవాడు. మర్నాడు కర్రకి అందలేదు. లేచి నిలబడి విడదీశాడు. ఇంకో నాలుగు రోజులకి కళ్ళం నడి మధ్యకి వెళ్ళింది. కర్ర మీద ఆని, ఆ పాదం ఈడ్చుకుంటూ వెళ్ళి, తిరగేసి, మళ్ళీ పొయ్యి దగ్గరికి వచ్చి కూర్చునేవాడు. నడవమంటే నడవని మనిషి. పిప్పి తిరగెయ్యడానికి మాత్రం ఎవరూ చెప్పకుండానే లేచేవాడు. అది నడక కాదు కదా, పని. మట్టి గడ్డలు, చెరకు మోళ్ళు, పిప్పి గుట్టలు. ధనరాజ్ అన్న ఎత్తుపల్లాలన్నీ అక్కడే ఉన్నాయి.

మా అత్త కూడా గీత గీసింది. పొయ్యి వేడి తగిలినంత మేరకే వెళ్ళాలి. అది దాటితే, "సన్నాసీ, అక్కడ మంట తగల్దు, ఎనక్కి రా," అని కేకేసేది. ఆయన వెనక్కి వచ్చేవాడు. కళ్ళం దాటాక, నరికేసిన చెరకు మడి ఆవలి గట్టు దగ్గరే మంచి ఎండ పడేది. అక్కడ పరిచిన పిప్పి మాత్రం మా అత్తే తిరగేసేది. ధనుర్మాసం వచ్చి సగమైనా ఆ గీత ఆ గీతే. ఆ కాలు కొంచెం లేస్తోంది, మళ్ళీ నేలని పట్టుకుంటోంది. ధనరాజ్ చూసి, "పర్లేదమ్మా, కానీ ఇంకా దూరం నడవాలి," అన్నాడు. రోజులు దాటిపోతున్నాయి. రాత్రి పడుకుంటే నా కళ్ళకి పొయ్యీ గట్టూ, వాటి మధ్య ఉన్న దూరమే కనిపించేది.

భోగికి ముందు ఆదివారం మేమందరం కళ్ళంలోనే ఉన్నాం. సముద్రంలో అల్పపీడనమని టీవీలో చెప్పారు గానీ, పొద్దున్న ఎండ బాగానే కాసింది. పిప్పంతా గట్టు పొడుగునా పరిచేశాం. మధ్యాహ్నం దాటాక పెనంలో పాకం దగ్గర పడింది. ఇక దించడమే. ఆ సమయంలో ఎవరూ పక్కకి కదలకూడదు. నూకరాజూ, ఆ ఇద్దరు ముసలివాళ్ళూ పెనానికి కర్రలు తగిలించి, ఎత్తి, ఒంచడానికి నిలబడ్డారు. నేను నాలుగో కొస పట్టుకున్నాను. అప్పుడే తూర్పు నుంచి చల్లగాలి ఒక్కసారి కొట్టింది. వెనకాలే మబ్బు వచ్చేసింది.

"పిప్పి," అంటూ మా అత్త గట్టు వైపు పరిగెత్తింది. ఆ వయసులో అలా పరిగెత్తగలదని నాకు తెలియదు. ఇందు ఫోను చెరకు మోపు మీద పడేసి, గట్టు మీదున్న నీలం టార్పాలిన్ బరకం ఈడ్చుకుంటూ ఆవిడ వెనక వెళ్ళింది. ఇద్దరూ పిప్పి పోగేస్తున్నారు. సన్నగా చినుకు మొదలైంది. బరకం కప్పబోతే గాలి దాన్ని ఎగరేసింది. ఇందు ఓ కొస మీద కూర్చుంటే ఇంకో కొస లేచిపోతోంది. నేను పెనం వదలడానికి లేదు. వదిలితే కాలే పాకం మనుషుల కాళ్ళ మీద పడుతుంది. మా పెనం వంగుతోంది, బంగారం రంగు పాకం చెక్క తొట్టెలోకి జారుతోంది, నా కళ్ళు గట్టు మీదే ఉన్నాయి.

మంచం మీద మా ఆయన లేడు.

చూసేసరికి కళ్ళం దాటిపోయాడు. కర్ర కూడా లేదు. టోపీ మంచం కోడుకే ఉంది. చినుకులో, గాలిలో, తల బోడిగా, ఆ ఎడం కాలు ఈడ్చుకుంటూ చెరకు మోళ్ళ మధ్య నుంచి గట్టు వైపు పోతున్నాడు. ఒకచోట తూలాడు. ఆగి, నిలబడి, మళ్ళీ కదిలాడు. మా అత్త తలెత్తి చూసింది. మధ్యలో అడ్డేమీ లేదు. కొడుకు మంటని వదిలేసి, ఆవిడ మొగుడు పోయిన గాలిలోంచే నడిచి వస్తున్నాడు. ఆవిడ నోరు తెరిచింది. కేకేస్తుందనుకున్నాను. వెనక్కి పొమ్మంటుందనుకున్నాను.

గాలికి బరకం ఫటఫటా కొట్టుకుంటోంది. మా అత్త నోరు మూసుకుని, మళ్ళీ తెరిచి, "సన్నాసీ, ఆ కొసట్టుకో," అంది.

ఆయన వంగి ఆ కొస పట్టుకున్నాడు. లాగాడు. లారీ కట్లు బిగించిన చేతులవి. బరకం బిగుసుకుంది. ఇందు ఈ కొస మీద రాళ్ళు పెట్టి, పరిగెత్తి వెళ్ళి నాన్న నడుం చుట్టూ చెయ్యి వేసి నిలబడింది. ఆయన్ని పట్టుకోవడానికో, ఆయన కొస పట్టుకున్నందుకో నాకు తెలియలేదు. ముగ్గురూ తడుస్తూ అలాగే నిలబడ్డారు.

మేం పెనం దించి వెళ్ళేసరికి చినుకు ఆగిపోయింది. మా అత్త కొంగుతో కొడుకు తల తుడుస్తోంది. గట్టిగా, చిన్నపిల్లాడికి తుడిచినట్టు. నన్ను చూసి, "రోజురోజుకీ పిప్పిని దూరం దూరం ఎవులు పోయించేరో నాకు తెల్దనుకున్నావేటి," అంది.

"తెలిసి ఊరుకున్నావా అత్తా?"

"పొయ్యి సుట్టూ ఉన్నంతకాలం ఊరుకున్నాను." కొంగు పిండుకుంటూ, "ఇయాల నాకు కాల్లాడనేదే గంగా," అంది. ఆ రాత్రి ఆవిడ నిద్రపోకుండా కొడుకు మంచం పక్కనే నేల మీద కూర్చుంది. మాటిమాటికీ ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసింది. తెల్లారాక ఆయన లేచి కాఫీ అడిగితే, అప్పుడు పడుకుంది.

రథసప్తమికి ముందే మా తమ్ముడి చెరకు అయిపోయింది. చివరి పెనం దించిన రోజు ధనరాజ్ వచ్చి కాలు చూశాడు. పైకి ఎత్తించాడు, మడిపించాడు, వాకిట్లో నడిపించాడు. పాదం లేస్తోంది, కానీ పూర్తిగా లేవడం లేదు. అడుగు చివర్న నేలని రాసుకుంటూ వస్తోంది.

"బాగా వచ్చిందమ్మా," అన్నాడు గుమ్మం దగ్గర. "ఇంకా కొంచెం రావచ్చు. మోత పని మాత్రం మళ్ళీ చెయ్యలేరు. నడక మానిపించకండి. మానేస్తే వచ్చిందీ పోతుంది."

మానిపించకండి. ఆ మాట విన్నాక నా ఒంట్లో ఉన్న కాస్త ఓపికా పోయింది. ఇప్పుడు కళ్ళం లేదు, పిప్పి లేదు, పొయ్యి లేదు. రేపట్నుంచి మళ్ళీ మొదటికే. ముగ్గుర్నీ లేపాలి, బతిమాలాలి, అబద్ధాలాడాలి, తిట్టాలి. ఆ రాత్రి పడుకుంటూ, రేపు వీళ్ళని ఏ వంకతో బయటికి లాగనా అని ఆలోచించాను. ఒక్క వంకా తోచలేదు. నా వల్ల కాదు, ఇక నా వల్ల కాదు అనుకుంటూనే నిద్రపోయాను.

మెలకువ వచ్చేసరికి ఇంకా మసక చీకటి. పక్కన ఆయన లేడు. ఉలిక్కిపడి లేవబోయాను. వాకిట్లో మాటలు వినిపించాయి.

"టోపీ ఎట్టుకో," అంటోంది మా అత్త.

"ఒద్దే, సెవులు ఇనపడవు."

"అయితే తువ్వాలైనా సుట్టుకో. ఇందూ, నువ్వా పక్కనుండు. నానీ పక్కనుంటాను."

నేను గుమ్మం దాకా వెళ్ళాను. ముగ్గురూ గేటు దగ్గర ఉన్నారు. మా అత్త దూదీ, తువ్వాలూ, కొంగూ, అన్ని సరంజామాలతోనూ తయారై ఉంది. ఇందు నిద్రకళ్ళతో చలికి పళ్ళు టకటకలాడిస్తూ నాన్న చెయ్యి పట్టుకుని నిలబడింది.

"ఎక్కడికి?" అన్నాను.

మా ఆయన చెప్పులోకి పాదం దూర్చుకుంటూ, తల ఎత్తకుండా, "మార్కెట్టు దాకా ఎల్లొత్తాం," అన్నాడు. "ఈ యాలకి రాజుబాబుగాడోల్లు టీ కొట్టు కాడుంటారు. కనపడి సానా రోజులైంది."

నేనూ చెప్పులు తొడుక్కుందామని వంగాను.

"నువ్వెందుకు," అన్నాడు. "నువ్వెల్లి తొంగో."

గేటు గడియ తీసిన చప్పుడు. తరవాత వీధిలో వాళ్ళ నడక. మా అత్త చెప్పుల టపటపా, ఇందు పరాగ్గా వేసే అడుగులూ, ఆ రెండింటి మధ్య నేలని రాసుకుంటూ వెళ్ళే ఆ పాదం. ఆ చప్పుడు వినబడకుండా పోవాలనే కదా చలికాలమంతా ఎదురుచూశాను. ఇప్పుడది అలాగే ఉంది. కానీ మంచం చుట్టూ తిరగడం లేదు. వీధి మలుపు దాకా వెళ్ళింది. మలుపు తిరిగి, బజారు వైపు పోయి, ఇక వినిపించలేదు. గుమ్మం పట్టుకుని నిలబడి చాలాసేపు ఏడ్చాను.

తరవాత వచ్చి మంచం మీద పడుకున్నాను. గేటు తీసే ఉంది. కిటికీ సందులో కుక్కిన గుడ్డ ముక్క కూడా ఎవరో లాగేశారు. అందులోంచి గాలి సన్నగా వస్తోంది. చెవులు చల్లబడ్డాయి, కాళ్ళు చల్లబడ్డాయి. ఆ ఏడు నాకు చలి వేయడం అదే మొదటిసారి. మా అత్త దుప్పటి కూడా లాక్కుని, తల నిండా కప్పుకుని పడుకున్నాను.